140 ఆధారాల్లో మీరు చదివినవెన్ని?

ప్రశ్న: నేను పీహెచ్‌డీ మూడో సంవత్సరంలో ఉన్నాను. సిద్ధాంత గ్రంథంలో రెండో అధ్యాయాన్ని, అంటే పూర్వ పరిశోధనల సమీక్షను, గైడుగారికి ఇస్తే "ఆధారాలు సరిగా లేవు, మళ్లీ చూసుకోండి" అని ఒక్క ముక్క రాసి తిప్పి పంపారు. పట్టికలో 140 ఆధారాలున్నాయి. కామాలు, బ్రాకెట్లు, ఇటాలిక్ అక్షరాలు అన్నీ ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) పద్ధతి ప్రకారం సరిచూశాను. కొన్ని పాత వ్యాసాలు దొరకలేదు కనుక, వాటి గురించి ఇతరులు రాసినదాన్ని బట్టి ఉదహరించాను. సొంత మాటల్లో రాసినచోట కూడా ఆధారం చూపాలా? ప్రతి వాక్యానికీ చూపాలా? సాఫ్ట్‌వేర్ పోలిక 9 శాతమే వచ్చింది, అంటే గ్రంథచౌర్యం లేనట్టే కదా? పట్టికలో మూడు ఆధారాలు మాత్రం ఇప్పుడు ఎంత వెతికినా ఎక్కడా కనబడటం లేదు, నా నోట్సులోకి ఎలా వచ్చాయో గుర్తు లేదు. వాటిని ఏం చేయమంటారు? (పేరు వద్దని కోరిన పరిశోధక విద్యార్థి)

సమాధానం: మీ ఉత్తరంలో విషయాలు వచ్చిన వరుసను గమనించాను. కామాలు, బ్రాకెట్లు ముందు వచ్చాయి. దొరకని వ్యాసాల సంగతి ఒక్క వాక్యంలో దాటిపోయింది. ఆచూకీ లేని మూడు ఆధారాలు చిట్టచివర చేరాయి. మీ గైడుగారిని ఆపిన విషయాలు బహుశా దీనికి సరిగ్గా తలకిందుల వరుసలో ఉండి ఉంటాయి. అందుకని విరామచిహ్నాల మాట వెనక్కి నెట్టి, మీరు దాటేసిన ఆ వాక్యం దగ్గరే మొదలుపెడతాను.

ఆధారం చూపినప్పుడు మీరు చదువరికి రెండు హామీలు ఇస్తున్నారు. ఫలానా మూలం ఫలానా చోట ఉందన్నది ఒకటి, మీరు చెప్పిన మాట అందులో ఉందన్నది రెండోది. ఏపీఏ వంటి పద్ధతుల పుస్తకాలు చాలామటుకు మొదటి హామీ గురించే మాట్లాడతాయి. రెండో హామీ ఇవ్వాలంటే ఆ మూలాన్ని తెరిచి చదవక తప్పదు, ఆ పని మీ బదులు ఇంకెవరూ చేయలేరు.

ఈ రెండో హామీ తప్పితే ఏమవుతుందో చెప్పడానికి వైద్యరంగం నుంచి ఒక ఉదాహరణ ఉంది. 1980 జనవరిలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో పోర్టర్, జిక్ అనే ఇద్దరు రాసిన ఐదు వాక్యాల ఉత్తరం ఒకటి అచ్చయింది. ఆసుపత్రిలో చేరి, నొప్పి తగ్గించే మత్తుమందులు కనీసం ఒక్కసారి తీసుకున్న 11,882 మంది రోగుల రికార్డులు చూస్తే, అంతకుముందు వ్యసనం లేనివారిలో కొత్తగా వ్యసనం ఏర్పడినట్టు చెప్పుకోదగ్గ ఆధారం ఉన్న కేసులు నాలుగే కనిపించాయని దాని సారాంశం. ఆసుపత్రి గోడల మధ్య, వైద్యుల కళ్లెదుట మందు తీసుకున్నవారి సంగతి అది. ఇంటికి వెళ్లి నెలల తరబడి మాత్రలు మింగేవారి గురించి ఆ ఐదు వాక్యాల్లో ఏమీ లేదు. 2017లో అదే పత్రికలో కొందరు పరిశోధకులు లెక్క తీస్తే, ఆ ఉత్తరాన్ని ఉదహరించిన రచనలు 608 తేలాయి. వాటిలో 439 రచనలు ఈ మందులతో వ్యసనం అరుదనడానికి దాన్ని రుజువుగా చూపాయి. రోగులు ఆసుపత్రిలో ఉన్నవారన్న సంగతిని 491 రచనలు ప్రస్తావించనే లేదు. ఆ తర్వాత పత్రికవారు ఆ పాత ఉత్తరానికి ఒక హెచ్చరిక జోడించాల్సి వచ్చింది.

పత్రికలో ఆ ఉత్తరం ఉన్న చోటు ఇది: సంపుటి 302, సంచిక 2, పుట 123. ఈ అంకెలను ఎంత తప్పులేకుండా ఎత్తిరాసినా, 'ఆసుపత్రి' అన్న మాట జారిపోయిన వాక్యానికి అవి ఆధారం కాలేవు. మీ అధ్యాయంలో కామాలు సరిగా ఉండి కూడా ఆధారాలు సరిగా లేవని గైడుగారు ఎలా అనగలిగారో దీన్నిబట్టి అర్థమవుతుందనుకుంటాను.

చదవకుండా ఉదహరించడం మీ ఒక్కరి అలవాటేమీ కాదు. సిమ్కిన్, రాయ్‌చౌధురి అనే ఇద్దరు పరిశోధకులు 2003లో దీన్ని ఒక తమాషా దారిలో పట్టుకున్నారు. భౌతికశాస్త్రంలో బాగా పేరుపడిన ఒక పత్రాన్ని ఉదహరించిన దాదాపు 4,300 చోట్లను పరిశీలిస్తే, వివరాలు తప్పుగా అచ్చయినవి 196 కనబడ్డాయి. అయితే ఆ 196 తప్పులూ వేరువేరు కావు. విడివిడిగా లెక్కిస్తే 45 రకాలే, వాటిలో ఒకే ఒక్క తప్పు 78 సార్లు మళ్లీమళ్లీ వచ్చింది. 78 మంది ఎవరికి వారు మూలాన్ని చూసి ఒకే అంకెను ఒకేలా తప్పు రాయడం జరిగే పని కాదు, ఒకరి పట్టికను చూసి మరొకరు దించుకుంటేనే అలా వస్తుంది. ఈ తీరును బట్టి, ఉదహరించేవారిలో మూలాన్ని నిజంగా చదివేవారు ఇంచుమించు ఐదోవంతేనని వారు అంచనా కట్టారు. అది అంచనాయే, అందరికీ అంటగట్టలేం. కానీ పరీక్షకులకు ఈ సంగతి తెలుసునని మీరు గుర్తుంచుకోవడం మంచిది. నా తొలి పత్రాల్లో ఒకదానిలో నేనూ ఇలాగే ఇంకొకరి పుట సంఖ్యను నమ్మి వాడాను. సమీక్షకుడు ఆ పుస్తకం తెరిచి చూస్తే ఆ పుటలో ఉన్నది పదసూచి. నా తర్కంలో ఏ తప్పూ పట్టని ఆయన, ఆ ఒక్క పుట చూశాక మిగతా పుటలన్నీ వరసగా తిప్పాడు.

ఇక దొరకని పాత వ్యాసాల సంగతి. ముందుగా దొరకలేదన్న మాటను ఇంకొకసారి పరీక్షకు పెట్టండి. గ్రంథాలయాలు ఒకదాని నుంచి ఒకటి పుస్తకాలు, వ్యాసాల నకళ్లు తెప్పించి ఇస్తాయి, గ్రంథాలయాధికారిని అడిగితే చాలు. రచయిత జీవించి ఉంటే మర్యాదగా రెండు వాక్యాల ఈమెయిల్ రాయండి, తమ వ్యాసం ఒకరికి కావాలంటే సంతోషించని పరిశోధకులు అరుదు. అప్పటికీ దొరక్కపోతే, ఉన్నదున్నట్టు చెప్పడానికి ఒక మార్గం ఉంది. 'క' అనే రచయిత 1962లో చెప్పిన మాటను మీరు 'చ' అనే రచయిత 2011 నాటి పుస్తకంలో చదివారనుకోండి. వాక్యంలో 'క' పేరు, 1962 అన్న సంవత్సరం ఇచ్చి, "చ, 2011లో ఉదహరించినట్టు" అని చేర్చాలి. ఏపీఏ పద్ధతిలో అయితే చివరి పట్టికలోకి 'చ' పుస్తకం ఒక్కటే ఎక్కుతుంది, ఎందుకంటే మీ చేతిలో ఉన్నది అదొక్కటే. షికాగో అనే మరో పద్ధతి పాదసూచికల్లో రెంటి వివరాలూ ఇవ్వమంటుంది. ఇలాంటి పరోక్ష ఆధారాలు అధ్యాయం మొత్తంలో రెండుమూడుంటే ఎవరూ తప్పుపట్టరు. అంతకు మించితే మాత్రం ఆ అధ్యాయం ఇంకొకరి సమీక్షకు సంగ్రహంలా కనిపిస్తుంది. మీ వాదన ఏ వ్యాసం మీద నిలబడుతోందో ఆ వ్యాసాన్ని మాత్రం పరోక్షంగా ఉదహరించవద్దు. అది దొరికేదాకా ఆగండి, లేదా వాదనను దాని మీద ఆధారపడకుండా మళ్లీ కట్టుకోండి.

సొంత మాటల్లో రాసినా ఆధారం చూపాలా అని అడిగారు. చూపాలి. మాటలు మీవైనా ఆలోచన మరొకరిది. అయితే 'సొంత మాటలు' అని మనం అనుకునేవి చాలాసార్లు సొంతం కావు కాబట్టి, ఒక చిన్న ఉదాహరణ కల్పించి చూపిస్తాను. మూలంలో ఇలా ఉందనుకుందాం: "నది వేగం తగ్గినచోట బరువైన ఇసుక రేణువులు ముందుగా అడుక్కు చేరతాయి, సన్నని ఒండ్రు మాత్రం ఇంకా చాలా దూరం నీటితో పాటు సాగి, ప్రవాహం దాదాపు నిలిచిపోయినచోట పేరుకుంటుంది." దీన్ని ఒక విద్యార్థి ఇలా మార్చి రాశాడు: "ప్రవాహ వేగం తగ్గిన ప్రదేశంలో భారీ ఇసుక కణాలు మొదట అడుగుకు చేరుకుంటాయి, సన్నటి ఒండ్రు మాత్రం మరింత దూరం నీటితో కలిసి వెళ్లి, ప్రవాహం ఇంచుమించు ఆగిపోయిన ప్రదేశంలో పోగుపడుతుంది." నది ప్రవాహమైంది, రేణువు కణమైంది, చోటు ప్రదేశమైంది. వాక్యం ఎముకల గూడు మాత్రం అలాగే ఉంది, కామాలు సైతం కదల్లేదు. చివర బ్రాకెట్లో రచయిత పేరు పెట్టినా ఇది చౌర్యం కిందికే వస్తుంది, ఎందుకంటే బ్రాకెట్లోని పేరు ఆలోచన ఎవరిదో చెబుతోంది గానీ వాక్యమూ వారిదేనన్న సంగతిని దాచిపెడుతోంది. అదే విషయం జీర్ణించుకున్న మనిషి రాస్తే ఇలా ఉండవచ్చు: "మేటలో దొరికే రేణువు ఎంత ముతకదో చూసి, అది పడిన కాలంలో అక్కడ నీరు ఎంత వేగంగా పారిందో ఊహించవచ్చు, రేణువుల బరువును బట్టి అవి అడుక్కు చేరే చోటు మారుతుందని ఈ రచయిత ఇచ్చిన వివరణే దీనికి ఆధారం." ఇక్కడ ఆ ఆలోచనను మీరు ఒక పనికి వాడుకున్నారు, ఎక్కడి నుంచి తెచ్చుకున్నారో కూడా చెప్పారు.

దీనికి నేను చాలాకాలంగా పాటిస్తున్న పద్ధతి ఒకటుంది. మూలాన్ని రెండుసార్లు చదివి, మూసేసి, కుర్చీలోంచి లేచి కాసేపు తిరిగి వచ్చి, అప్పుడు రాస్తాను. రాసిన తర్వాతే మళ్లీ మూలం తెరిచి, అర్థం తప్పిందా, మాటలు అతుక్కుపోయాయా అని చూస్తాను. నోట్సు రాసుకునేటప్పుడు కూడా యథాతథంగా దించుకున్నదాన్ని కొటేషన్ గుర్తుల మధ్య, నా మాటల్లో చెప్పుకున్నదాన్ని గుర్తులు లేకుండా, నాకు తోచిన వ్యాఖ్యను వేరే రంగులో పెడతాను. మూడింటి పక్కనా పుట సంఖ్య వెంటనే పడాలి, తర్వాత వేద్దామని వాయిదా వేసిన పుట సంఖ్య మళ్లీ దొరకదు. తెలియక చేసిన చౌర్యాలు చాలావరకు నోట్సులో కొటేషన్ గుర్తులు పెట్టని ఏదో ఒక మధ్యాహ్నం పుట్టినవే.

యథాతథంగా తీసుకున్న వాక్యాలకు పుట సంఖ్య తప్పనిసరి. వాక్యం పొడవుగా ఉంటే కొటేషన్ గుర్తులు తీసేసి, విడి పేరాగా లోపలికి జరిపి రాయాలి. ఏపీఏలో 40 మాటలు చేరగానే ఆ పని చేయాలి. ఎంఎల్ఏ (మోడరన్ లాంగ్వేజ్ అసోసియేషన్) పద్ధతిలో వచనమైతే నాలుగు పంక్తులు మించినప్పుడు, షికాగోలో ఇంచుమించు 100 మాటలు చేరినప్పుడు చేస్తారు. సొంత మాటల్లో చెప్పినప్పుడు పుట సంఖ్యను ఏపీఏ తప్పనిసరి చేయదు. నేనైతే పుస్తకాల విషయంలో ఇవ్వమనే చెబుతాను. 400 పుటల పుస్తకాన్ని చూపించి "ఇందులో ఎక్కడో ఉంది" అనడం చదువరిని ఊరు మొత్తం వెతుక్కోమని పంపడమే.

ప్రతి వాక్యానికీ బ్రాకెట్ అక్కర్లేదు, పేరా చివర ఒకే ఒక్క బ్రాకెట్ పెట్టి సరిపెట్టడమూ పనికిరాదు. ఎనిమిది వాక్యాల పేరాకు చివర ఒక పేరుంటే, మొదటి ఏడు వాక్యాలు ఎవరివో చదువరికి తెలియదు. ఆధారాన్ని పేరా మొదటి వాక్యంలోనే చూపి, ఆపైన "ఈ రచయిత్రి దీనికి మరో కారణం కూడా చెబుతుంది" వంటి మాటలతో ఆమె చేయి వదలకుండా నడవండి. మీ మాట మొదలయ్యేచోట "దీన్నిబట్టి నాకు అనిపించేది" అని స్పష్టంగా విడిపోండి. ఒకే వాక్యంలో రెండు విషయాలు చెప్పి చివర ఆరుగురి పేర్లు గుదిగుచ్చే అలవాటు కూడా మీకుండవచ్చు, సమీక్షాధ్యాయాలకు పట్టే సాధారణ జబ్బు అది. ఎవరు ఏ సంగతికి ఆధారమో ఆ సంగతి పక్కనే వారి పేరు ఉంచండి. మీ రంగంలో అందరూ ఒప్పుకునే సాధారణ జ్ఞానానికి ఆధారం అవసరం లేదు. నీరు సముద్రమట్టం వద్ద 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుందని రాయడానికి ఎవరినీ సాక్ష్యానికి పిలవక్కర్లేదు. ఏదైనా అంకె, ఏదైనా వివాదం, ఎవరో ఒకరు కనిపెట్టిన సంగతి అయితే మాత్రం పిలవాలి. ఏది సాధారణమో తేల్చుకోలేకపోతే ఆధారం ఇచ్చేయండి, అదనంగా ఇచ్చిన ఆధారం వల్ల నష్టపోయినవారిని నేను చూడలేదు.

9 శాతం గురించి ఎక్కువ చెప్పను. ఆ సాఫ్ట్‌వేర్ చేసేది మీ మాటల వరుసను తన దగ్గరున్న రచనల్లోని మాటల వరుసతో పోల్చడం. ఆ 9 శాతమూ ఒకేచోట, కొటేషన్ గుర్తులు లేని రెండు పుటలుగా ఉంటే అది చౌర్యమే. 25 శాతం వచ్చినా అది పట్టిక, యథాతథ వాక్యాలు, ప్రామాణిక నిర్వచనాలదే అయితే భయం లేదు. మాటలు మార్చి ఎత్తుకొచ్చిన ఆలోచనను అది సరిగా పట్టలేదు. నివేదికలో శాతాన్ని వదిలేసి, రంగు పడిన ఒక్కొక్క భాగాన్ని చదవండి.

ఇప్పుడు మీరు మొదట ప్రస్తావించిన పద్ధతి సంగతి. ఏ పద్ధతి వాడాలన్నది మీ సంస్థ నియమావళి, లేదా పత్రిక నియమావళి నిర్ణయిస్తుంది, మీ ఇష్టం ప్రసక్తి లేదు. పద్ధతుల మధ్య తేడాలు ఊరికే పుట్టలేదు. బ్రాకెట్లో రచయిత పేరు, సంవత్సరం ఇవ్వడం 1881లో హార్వర్డ్ జంతుశాస్త్రవేత్త ఎడ్వర్డ్ మార్క్ పత్రంతో మొదలైందంటారు. నిన్నటి ఫలితాన్ని నేటి ఫలితం తోసిపుచ్చే శాస్త్రాల్లో సంవత్సరం కళ్లెదుట ఉండటం అవసరం. సాహిత్యంలో సంవత్సరం కంటే పుట ముఖ్యం కనుక ఎంఎల్ఏ పేరు పక్కన పుటను ఉంచుతుంది. పాత దస్తావేజులతో పనిచేసే చరిత్రకారులకు వివరణ రాసుకునే చోటు కావాలి కనుక షికాగో పాదసూచికలు నచ్చుతాయి. వైద్యులు ఒకే వాక్యానికి పది ఆధారాలు చూపవలసి వస్తుంది కనుక వాంకూవర్ పద్ధతిలో అంకెలతో సరిపెడతారు. మీరు వాడుతున్న ఏపీఏ ఏ కూర్పో ఒకసారి చూసుకోండి. 2019లో వచ్చిన ఏడో కూర్పు ప్రకారం ముగ్గురు లేక అంతకన్నా ఎక్కువమంది రచయితలుంటే వాక్యంలో మొదటిసారి నుంచే మొదటి రచయిత పేరు, 'ఇతరులు' అన్న సంక్షేపం ఇస్తే చాలు. పట్టికలో మాత్రం 20 మంది వరకు అందరి పేర్లూ రాయాలి. పుస్తకం అచ్చయిన ఊరి పేరు ఇక అక్కర్లేదు, డీఓఐ (వ్యాసానికి ఇంటర్నెట్‌లో ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) ఉంటే పూర్తి లింకుగా ఇవ్వాలి. ఆధారాలను భద్రపరిచి అమర్చే జొటేరో వంటి సాఫ్ట్‌వేర్ ఇవన్నీ చేసిపెడుతుంది, కానీ దానిలోకి వచ్చిన వివరాలు తప్పయితే ఆ తప్పునే అందంగా అమర్చి ఇస్తుంది. సంస్థ పేరును ఇంటిపేరు, అసలు పేరుగా విరిచేయడం దానికి మామూలే.

పట్టికలోని ప్రతి డీఓఐనీ ఒకసారి నొక్కి చూడండి. అది వేరే వ్యాసానికి తీసుకుపోతే అప్పుడే తెలుస్తుంది. వ్యాసాన్ని పత్రిక వెనక్కి తీసుకుని ఉంటే ఆ సూచన కూడా అక్కడే కనిపిస్తుంది. టీకాకూ ఆటిజానికీ సంబంధం ఉందన్నట్టు 1998లో లాన్సెట్‌లో వచ్చిన పత్రాన్ని ఆ పత్రిక 2010లో ఉపసంహరించుకుంది. అలాంటివి ఉదహరించాల్సి వస్తే, ఉపసంహరించిన సంగతి చెప్పే ఉదహరించాలి. సమీక్షకు ముందే ఇంటర్నెట్‌లో పెట్టిన ముసాయిదా పత్రాన్ని మీరు వాడి ఉంటే, ఆ తర్వాత అది పత్రికలో అచ్చయిందేమో చూసి, అంకెలు మారలేదని నిర్ధారించుకుని, అచ్చయిన కూర్పునే చూపండి.

చివరగా ఆ మూడు ఆధారాలు. లేని వ్యాసాలు పట్టికల్లోకి ఎక్కడం కొత్తేమీ కాదు. ఒక పెద్ద ప్రచురణ సంస్థ ఆధారాలు ఎలా రాయాలో చూపడానికి తన నమూనా పత్రంలో శాస్త్రీయ వ్యాసం రాసే కళ గురించి 2000లో వచ్చినట్టుగా ఒక కల్పిత వ్యాసం పేరు ఇచ్చింది. ఆ నమూనా వరుసను చెరపడం మరచి పంపినవారి వల్ల కావచ్చు, లేని ఆ వ్యాసానికి దాదాపు 400 ఉదహరింపులు చేరాయని పరిశోధకురాలు ఆన్-విల్ హార్జింగ్ 2017లో రాశారు. ఇప్పుడు ఆ దారి ఇంకా వెడల్పయింది. కృత్రిమ మేధ చాట్‌బాట్‌ను ఆధారాలు అడిగితే, నిజమైన పత్రిక పేరు, నమ్మదగిన సంవత్సరం, పుట సంఖ్యలతో సహా లేని వ్యాసాన్ని పుట్టించగలదు. అలా పుట్టిన తీర్పులను కోర్టు దాఖలాలో చూపినందుకు 2023లో న్యూయార్క్‌లో న్యాయవాదులకు 5,000 డాలర్ల జరిమానా పడింది. మీ నోట్సులోకి అవి ఎలా వచ్చాయో గుర్తు లేదన్నారు. అలాంటి పరికరం ఎప్పుడైనా వాడి ఉంటే, అది ఇచ్చిన మిగతా ఆధారాలను కూడా ఒక్కొక్కటిగా తెరిచి చూడండి.

ఆ మూడింటినీ తీసేయండి. అయితే పట్టికలోంచి తీస్తే సరిపోదు, అవి మోస్తున్న వాక్యాలేవో కూడా వెతకాలి. ఆ వాక్యంలోని సంగతి మీరు చదివిన వేరే మూలంలో నిజంగా ఉంటే దాన్ని చూపండి. లేకపోతే వాక్యమూ పోవాలి. ఖాళీ పూడ్చడానికి, పేరు దగ్గరగా ఉన్న మరో వ్యాసాన్ని తెచ్చి అతికించే పని మాత్రం చేయవద్దు, అది మొదటి తప్పుకన్నా పెద్దది. ఇదంతా అయ్యేసరికి మీ పట్టిక 140 నుంచి 95కు దిగవచ్చు. దిగనివ్వండి, అంకె చూసి మార్కులు వేసే పరీక్షకుడు నాకింతవరకు తగల్లేదు. తీసేసిన వాక్యాలు, మూలం చూశాక అర్థం మార్చి రాసినవి, పరోక్షంగానే మిగిలిపోయినవి ఏవో ఒక కాగితం మీద రాసి, సరిచేసిన అధ్యాయంతో పాటు గైడుగారికి ఇవ్వండి. వారు ఏ పుట తెరిచి అడిగినా, మీరు ఏం చదివి రాశారో ఆ కాగితం చూసి చెప్పగలుగుతారు.